ఎండిన యేటికి ఆవలి యొడ్డు

*ట్రినిడాడ్, టొబాగో రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేటలలో కాలినడకన కొన్ని దినములు*

సాయంకాలము ఐదు గంటల వేళ. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమునకు తూర్పున, లావెంటిల్ కొండ పాదమున, రెండు సిమెంటు గోడల నడుమ సన్నని నీటిపాయ యొకటి పారుచున్నది. దానిపై నొక వంతెన. ఆ వంతెనమీద పదునాలుగు పదునైదేండ్ల బాలురిద్దరు, పెండ్లివారి గంగాళమును మోయునట్లు, నిగనిగలాడు ఉక్కు వాద్యము నొకదానిని చెరియొక ప్రక్క పట్టుకొని, అడుగులో అడుగు వేయుచు పడమటి దిక్కునకు నడచివచ్చుచుండిరి. అస్తమించు సూర్యుని వెలుగు ఆ లోహపు గిన్నెలో బడి, తిరిగి యెగసి, వారి గడ్డముల క్రింద దీపము పట్టినట్లు మెరయుచుండెను. వంతెన నడుమ నొకడాగి, చేయి మార్చుకొనుటకై దానిని పిట్టగోడపై ఆనించి, వ్రేలి కొనతో ఒక్కసారి తట్టినాడు. గుడిగంటకును జలతరంగమునకును నడుమ నెక్కడనో నిలుచు ఆ నాదము వాహనముల రొదలో సైతము స్పష్టముగా వినవచ్చెను. బాలురు మరల దాని నెత్తుకొని యేరు దాటి నగరమున ప్రవేశించిరి.

ఆ కాలువకు జనులు పెట్టుకొన్న పేరు డ్రై రివర్, అనగా ఎండిన యేరు. అక్కడినుండి పడమరగా కొంత నడచినచో రెడ్ హౌస్ అను ఎఱ్ఱని పార్లమెంటు భవనము వచ్చును. 2025 జూలై 4వ తేదీన మన ప్రధాని నరేంద్ర మోదీ ఆ భవనమున ట్రినిడాడ్, టొబాగో ఉభయసభల సభ్యుల నుద్దేశించి ప్రసంగించినపుడు, అంతవరకు క్రికెట్టు అభిమానులు మాత్రమే పలుకుచుండిన ఈ నగరము పేరు మన యిండ్లలోను వినవచ్చినది. ఆ సంవత్సరారంభముననే ఆ దేశపు పార్లమెంటు మరియొక నిర్ణయము చేసియుండెను. 1962లో స్వాతంత్ర్యము వచ్చిననాటినుండి జాతీయ చిహ్నమున నిలిచియున్న కొలంబసు ఓడలు మూడింటిని తీసివేసి, వాని స్థానమున ఆ బాలురు మోసికొనివచ్చిన, చమురు పీపాతో చేయు వాద్యమును, స్టీల్ పాన్‌ను, నిలుపుటకు సమ్మతించినది.

ఓడలు పోయి పీపా వచ్చుట అను నీ విచిత్రమైన రాజ్యాంగకార్యమును గూర్చి చదివినది మొదలు, ఆ పీపా పుట్టిన పేటను కన్నులార చూడవలెనను కోరిక నాకు కలిగినది. చూడబోయిన పేట యొకటి, చూచినవి ఆరేడు. తిరిగినకొలది నాకు తోచిన దేమనగా, ఈ నగరపు పేటలలో పెక్కు పాలకులు గీచిన యేదో యొక గీతకు వెలుపల పుట్టినవి. నగరము నేడు తనదని గర్వముగా చెప్పుకొను సంపదలో అధికభాగము ఆ గీతలు దాటి, ఆవలి యొడ్డునుండి నడచి వచ్చినది.

ఏటిని మలపిన అధికారి

ట్రినిడాడు ద్వీపమునకు ఆ పేరిడినవాడు కొలంబసు; 1498లో. స్పెయిను దొరలకు మొదటి రాజధాని మాత్రము ఇది గాదు. లోపలి భాగమున సాన్ హోసే యను పట్టణమును 1592లో కట్టుకొని అచ్చటనుండి పాలించిరి. మూడేండ్లు తిరుగకముందే ఆంగ్లేయుడు వాల్టర్ రాలీ వచ్చి దానిని తగులబెట్టెను. ఆ పట్టణము పాడుపడుచు పాడుపడుచు 1757 నాటికి గవర్నరు నివసింపదగిన గృహమైన లేనంతటి స్థితికి రాగా, నాటి గవర్నరు పెడ్రో డి లా మొనేడా సముద్రతీరమున బురదనేలయందున్న ఈ చిన్న రేవునకు మకాము మార్చెను. రాజధానులు శుభముహూర్తమున స్థాపింపబడుట పురాణములలో కాననగును. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ఒక అధికారి యిల్లు కూలిపోవుటచే రాజధాని యైనది.

1783లో స్పెయిను రాజు ఒక శాసనము చేసి, కాథలిక్కు మతస్థులైన విదేశీయులెవ్వరైనను బానిసలతో వచ్చి స్థిరపడినచో భూమి నుచితముగా నిత్తునని ప్రకటించెను. పరిసర ద్వీపములనుండి ఫ్రెంచి తోటదారులును, నల్లజాతి, మిశ్రజాతి స్వతంత్రులును, వారితో వేలాదిమంది బానిసలును వచ్చిపడిరి. స్పెయిను జెండా క్రింద ఫ్రెంచి మాట్లాడు నగరమొకటి వెలసినది. ఊరు పెరుగుచుండగా, నడిబొడ్డున ప్రవహించు ఏరు వర్షకాలమున వీథులను ముంచెత్తుచుండెను. కడపటి స్పానిషు గవర్నరు హోసే మరియా చాకోన్ 1787లో ఆ యేటి గతినే మార్పించి, తూర్పున కొండపాదము వెంబడి పారునట్లు త్రవ్వించెను. వఱద తప్పినది, ఊరికి కొత్తభూమి దొరకినది. ఆ దేశపు జాతీయపుష్పమునకు, ప్రతి ఆగస్టులోను కొండలపై ఎఱ్ఱగా పూయు చాకోనియాకు, ఆయన పేరే పెట్టుకొన్నారు.

కాని ఆ కాలువ నీటితోపాటు మరియొకదానిని గూడ వేరుచేసినది. పడమట తిన్నని వీథులు, ఇటుక యిండ్లు, దొరలు, వర్తకులు. తూర్పున కొండచరియ, మట్టి మెట్లు, తడికెల యిండ్లు. 1838లో దాస్యము తొలగినపుడు తోటలను విడిచివచ్చిన నల్లవారిలో పెక్కుమంది ఆ చరియలపైననే గుడిసెలు వేసికొనిరి. 'ఏటి ఆవలివారు' అను మాట నాటినుండి నేటివరకు ఈ నగరమున ఒక చిరునామా మాత్రమే కాక యొక తీర్పుగా గూడ నిలిచియున్నది.

చదువు చెప్పిన చౌకము

1797లో బ్రిటిషువారు ద్వీపము నాక్రమించిరి. 1808లో పెద్ద యగ్నిప్రమాదమున పట్టణము చాలవరకు బూడిద యైనది. తరువాత వచ్చిన గవర్నరు రాల్ఫ్ ఉడ్‌ఫర్డ్ ఊరిని తిరిగి కట్టించుచు, చెట్లతో నిండిన చౌకముల నేర్పరచెను. వానిలో నొకటి నేడు ఆయన పేరనే యున్నది. ఉడ్‌ఫర్డ్ స్క్వేరున కెదురుగనే రెడ్ హౌస్. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవమునకు ఎఱ్ఱరంగు పూసినప్పటినుండి దాని కా పేరు. ఆరేండ్లకే, 1903 మార్చి 23న, కొత్త నీటిపన్నుల చట్టము నెదిరించుచు ఈ చౌకమున గుమిగూడిన జనము ఆ భవనమును దహించివేసిరి. పోలీసు కాల్పులలో 16 మంది చనిపోయిరి. ఇప్పుడున్నది 1907లో ముగిసిన పునర్నిర్మాణము.

అదే చౌకమున 1955లో ఎరిక్ విలియమ్స్ అను చరిత్రకారుడు సాయంకాలములందు నిలుచుండి, చదువుకొననివారికిని చదువుకొన్నవారికిని సమముగా, బానిసత్వపు చరిత్రను, చెఱకు వ్యాపారపు లెక్కలను, రాజ్యాంగ సూత్రములను పాఠములవలె చెప్పుచుండెను. వేలమంది నిలుచుండి వినిరి. జనులు దానికి 'ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ విశ్వవిద్యాలయము' అని పేరు పెట్టిరి. ఆ యుపాధ్యాయుడే మరుసటి సంవత్సరము పార్టీ స్థాపించి, 1962లో స్వతంత్ర దేశమునకు తొలి ప్రధాని యయ్యెను. నేను వెళ్లిన మధ్యాహ్నము అక్కడ నొక ముదుసలి బల్లపై నిలుచుండి ఇనుపరేకుల ధరలను గూర్చి ఉపన్యసించుచుండెను, వినువారు నలుగురు. వారు మధ్యమధ్య ప్రశ్నలడుగుచుండిరి, ఆయన ఓపికగా సమాధానమిచ్చుచుండెను.

పీపాలో పుట్టిన స్వరము

వంతెన దాటి కొండ యెక్కినచో లావెంటిల్. ఎగువకు పోవుచున్నకొలది వెనుక పరియా సింధుశాఖ, రేవులోని యోడలు, ఊరి కప్పులు నన్నియు ఒకేమారు విప్పుకొనును. నగరమంతటిలో నింత చక్కని దృశ్యము ధనికుల పేటలకును లేదు.

స్టీల్ పాన్ కథ యొక నిషేధముల పరంపర. కార్నివాల్ పండుగలో విముక్త నీగ్రోలు కాగడాలతో, కఱ్ఱసాముతో, మద్దెలలతో ఊరేగుటను పాలకులు సహింపలేకపోయిరి. 1881లో కెప్టెన్ బేకర్ నాయకత్వమున పోలీసులు ఆ ఊరేగింపును అడ్డగింపగా పెద్ద ఘర్షణ జరిగినది. కొలదికాలమునకే మద్దెలపై ఆంక్షలు వచ్చినవి. మద్దెల పోయినచో వెదురు మిగిలినది: బొంగులను ఖండములుగా కోసి నేలపై దంచి, ఒక్కొక పొడవుకు ఒక్కొక శ్రుతి పలికించిరి. 1930లలో ఆ బొంగుల నడుమ బిస్కత్తు డబ్బాలు, రంగుడబ్బాలు ప్రవేశించినవి. మోదగా మోదగా డబ్బా అడుగు సొట్టపడి, సొట్టకొక స్వరము పలుకుచున్నదని ఎవరో కనిపెట్టిరి. ఎవరన్నదానిపై పేటపేటకు నొక పేరు చెప్పుదురు. జాన్ జాన్ పేటకు చెందిన విన్‌స్టన్ 'స్ప్రీ' సైమన్ పేరు అందఱి నోటను వినబడును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైనికస్థావరములతో ఇంధనపు పీపాలు ద్వీపమున సమృద్ధి యైనవి. ఎల్లీ మానెట్ మొదలగువారు ఆ పెద్ద పీపాలను పనికి తెచ్చుకొనిరి.

పాన్ చేయువాని పెరటిలో నొక పూట కూర్చుంటిని. పీపాను బోర్లించి, అడుగుభాగమును బరువైన సుత్తితో వలయములుగా కొట్టుచు లోనికి దింపును. కంచరివాని పనిని ఎరిగినవారికి ఆ లయ క్రొత్త గాదు. గిన్నెయైన పిమ్మట దానిపై స్వరస్థానములను గీచి, ఉలితో గాడి చేయును; పీపా ప్రక్కలను కోసివేయును. ఉచ్చస్వరపు వాద్యమునకు అంచు పొట్టి, మంద్రమునకు పీపా నిండుగ నుండవలెను. తరువాత మంటపై కాల్చి చల్లార్చును. ఆపైన శ్రుతి చేయుట. ఒక్కొక గుంటను క్రిందినుండి పొడిచి, పైనుండి నొక్కి, చిన్నసుత్తితో తట్టి, చెవి వంచి వినుచు, మరల తట్టుచు, అతడు గడపు గంటలను చూచినవారు, ఇది వీథిరౌడీల గోల యని ఒకప్పటి పెద్దమనుష్యు లెట్లనిరో యని విస్మయపడుదురు. వారు నిజముగనే అనిరి. పాన్ వాయించు కుమారుని తండ్రి యింటినుండి వెడలగొట్టిన కథలు ఈ కొండపై ఏ యింట నడిగినను చెప్పుదురు. బృందముల పేర్లు గూడ పెక్కు నాటి సినిమాలనుండి, యుద్ధవార్తలనుండి తెచ్చుకొన్నవి: ఇన్‌వేడర్స్, డెస్పరాడోస్, రెనెగేడ్స్, టోక్యో. ఒక బృందమునకును మరియొక బృందమునకును వీథులలో కత్తులతో పోరు జరిగిన దినములును కలవు.

1951లో ఈ పేటలనుండి ఎన్నుకొన్న వాద్యగాండ్రు లండనులోని 'ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్' ఉత్సవమున వాయించిరి. అక్కడి ప్రశంసలు తిరిగి వచ్చి చెవినిబడిన పిమ్మటనే స్వదేశపు పెద్దలకు వినికిడి వచ్చెను. పరాధీనదేశముల కిది మామూలే గదా. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11వ తేదీని ప్రపంచ స్టీల్ పాన్ దినముగా ప్రకటించినది. మరుసటి యేడు పాన్ చట్టరీత్య జాతీయ వాద్య మైనది.

వాద్యమునకు పట్టము కట్టిరి, కొండకు కట్టలేదు. ముఠాతగవులు, తుపాకులు ఈ పేటను క్రుంగదీసినవి. 2024 డిసెంబరు 30న, హత్యలు మితిమీరుటచే, దేశమంతట అత్యవసర పరిస్థితి ప్రకటింపవలసి వచ్చెను. కొండశిఖరమున పుట్టి పెరిగిన డెస్పరాడోస్ బృందమే, అభ్యాసమునకు వాద్యగాండ్రు భయములేక రాగలుగుటకై, కొన్నేండ్లు కొండ దిగి పట్టణమున చోటు వెదకికొనెను. ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునపుడు ఇక్కడి పిల్లలు బంధువుల చిరునామా వ్రాయుదురని ఒక తల్లి నాతో చెప్పినది. చెప్పుచు ఆమె నా వంక చూడక, ఆరవేసిన బట్టలను తీయుచుండెను. దేశచిహ్నమున ఎక్కిన వాద్యము పుట్టిన యూరిపేరు దరఖాస్తులో వ్రాయుటకు సిగ్గుపడవలసివచ్చుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచినది.

> పానును గూర్చి కొన్ని సంగతులు
>
> ● 55 గ్యాలన్ల చమురు పీపాయే దీనికి మూలపదార్థము.
>
> ● వాయించు పుల్లల కొనకు రబ్బరు చుట్టుట వాడుక. దానితోనే నాదమునకు మెత్తదనము.
>
> ● కార్నివాల్‌కు ముందు 'పనోరమా' అను బృందముల పోటీ 1963 నుండి జరుగుచున్నది. పెద్ద బృందములలో నూరుమందికి మించి వాయించుట కద్దు.
>
> ● అభ్యాసస్థలమును 'పాన్ యార్డ్' అందురు. పోటీకి ముందటి వారములలో రాత్రివేళ నెవరైనను పోయి కూర్చుండి వినవచ్చును.

బెల్మాంటు సందులు

లావెంటిల్‌కు ఉత్తరమున బెల్మాంట్. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించిన పిమ్మట, ఆ వ్యాపారము సాగించు నోడలను నౌకాదళము సముద్రముపై పట్టుకొనుచుండెను. అందలి ఆఫ్రికనులను స్వదేశమునకు చేర్చుటకు మారుగా, పనివారు కావలసిన దీవులకు తెచ్చి విడిచిరి. అట్లు వచ్చినవారును, తోటలనుండి విముక్తులైనవారును కలిసి కట్టుకొన్న పేట యిది. దీని తొలిపేరు ఫ్రీటౌన్. ఊరిలోపలి వీథులు గళ్లనుడికట్టువలె నుండగా, ఇక్కడి సందులు మేకలు నడచిన త్రోవలవలె నుండును. ఎవరి యింటికి వారు నడచిన కాలిబాటలే కాలక్రమమున సందులైనవి గదా. రెండు చేతులు చాచినచో రెండువైపుల గోడలు తగులు చోట్లు కలవు.

ఒకప్పటి దాహోమే రాజ్యమునుండి వచ్చిన 'రాదా' అను జాతివారి పెద్ద యొకరు 1868లో ఇక్కడ భూమి కొని, తమ దేవతల కొక ప్రాంగణము నేర్పరచెను. నూటయేబది యేండ్లు దాటినను ఆ కుటుంబపు సంతతి ఆ పూజలను విడువలేదు. దాస్యము భాషను, పేరును, బంధుత్వమును హరించెను. ఈ సందులలో దేవతలు మాత్రము చిక్కక దాగియుండిరి. అమెరికాలో నల్లజాతి ఉద్యమనాయకుడై, ప్రపంచమంతట మారుమ్రోగిన స్టోక్లీ కార్మైకేల్ 1941లో ఈ నగరమున పుట్టి, పదకొండేండ్లు వచ్చువరకు ఈ పేటలోనే పెరిగినాడు. కార్నివాల్ వేషములకు సన్నని తీగను వంచి రెక్కలుగ, కిరీటములుగ మలచు పనివారికిని బెల్మాంటు పెట్టినది పేరు. ఆ పని నేర్చుకొను యువకులు నానాటికి తగ్గుచున్నారు. దిగుమతియైన ఈకలు, పూసలు సులువుగా దొరకుటయే కారణము.

మైదానము చుట్టును

బెల్మాంటునుండి పడమరగా వచ్చినచో క్వీన్స్ పార్క్ సవానా. ఉడ్‌ఫర్డ్ గవర్నరు 1817లో పెషియే యను ఫ్రెంచి కుటుంబమునుండి ఈ చెఱకుతోటను కొనెను. 260 ఎకరముల పచ్చిక. ఆ కుటుంబపు శ్మశానవాటిక మాత్రము అమ్మకమున చేరలేదు. నేటికిని మైదానము నట్టనడుమ, గోడ కట్టిన చిన్న చదరమున, వారి సమాధులున్నవి. బంతి యాడు పిల్లలు ఆ గోడను పట్టించుకొనరు. ఉదయమును సాయమును నగరవాసులు మైదానము చుట్టును నడచెదరు. వేసవిలో పౌయీ వృక్షములు ఆకు రాల్చి పసుపుగ, గులాబీగ పూసినపుడు పచ్చికపై రంగుల తివాసి పరచినట్లుండును. అంచున కొబ్బరిబొండముల బండ్లు. బొండము చెక్కువాడు మన కోనసీమవానివలెనే ఎడమచేత పట్టి, మూడు వేటులలో మూతి తెఱచి యిచ్చెను; నీరు త్రాగిన పిమ్మట కాయను చీల్చి, తొక్కతోనే గరిటె చేసి చేతికిచ్చెను. ఆ పూట నాకు దేశాంతరమున నున్నానన్న భావమే పోయినది.

> సప్త సౌధములు
>
> మైదానమునకు పడమటి యంచున వరుసగా నిలిచిన ఏడు మేడలకు 'మాగ్నిఫిసెంట్ సెవెన్' అని పేరు: క్వీన్స్ రాయల్ కాలేజి, హేస్ కోర్ట్, మిల్ ఫ్లూర్, రూమోర్, ఆర్చిబిషప్ భవనము, వైట్‌హాల్, స్టోల్‌మయర్ కోట. వీనిలో పెక్కు 1904 ప్రాంతమున, కోకో గింజలపై వచ్చిన ధనముతో లేచినవి. 1920ల చివర తెగులు సోకి, ధరలు పడిపోయి కోకో సిరి కరగిపోయినది. క్వీన్స్ రాయల్ కాలేజిలో చదివినవారిలో ఎరిక్ విలియమ్స్, సి.ఎల్.ఆర్. జేమ్స్, వి.ఎస్. నైపాల్ కలరు.

ఈ మేడలను నేను త్వరగానే దాటితిని. వానిని గూర్చి వ్రాయువారు చాలమంది కలరు.

వుడ్‌బ్రూక్: సీసాపై పేరుగల దొరలు

మైదానమునకు నైరృతిన వుడ్‌బ్రూక్. వెనెజులాలోని అంగోస్తురా పట్టణమున 1824లో జర్మను వైద్యుడు సీగర్ట్ ఉదరరోగములకు చేదుమూలికల కషాయ మొకటి సిద్ధము చేసెను. ఆయన కుమారులు ఆ వ్యాపారమును 1875లో ఇక్కడికి తరలించిరి. సీగర్ట్ కుటుంబము కొన్న చెఱకుతోటయే తరువాత పేటయైనది. లూయిస్, కార్లోస్, ఆల్ఫ్రెడో, కొర్నీలియో అను వీథులన్నియు ఆ యింటి బిడ్డల పేర్లు. కఱ్ఱతో కట్టి, చూరునకు జాలరు చెక్కిన చిన్న యిండ్లు ఈ పేటకు సొగసు. ఆ చెక్కడము అలంకారమునకే యని తలచితిని. ఎండ సోకకుండ గాలి యాడుటకు ఆ రంధ్రములే యాధారమని ఒక ముదుసలి వడ్రంగి తెలిపెను. ఇప్పుడవి యొక్కటొక్కటిగా కూలి, గాజు కార్యాలయములు లేచుచున్నవి.

ఈ పేట చెంతనే 1896 నుండి ఆట సాగుచున్న క్వీన్స్ పార్క్ ఓవల్. 1971 మార్చిలో వెస్టిండీసుపై భారతదేశము తొలి టెస్టు విజయమును పొందినది ఇక్కడనే. గావస్కరునకు అదే తొలి టెస్టు. గెలుపు క్షణమున ఆయనతో క్రీజులో నిలిచియున్నవాడు మన హైదరాబాదు అబిద్ అలీ. ఓడిన దేశపు కాలిప్సో గాయకుడు లార్డ్ రిలేటర్ గావస్కరును కీర్తించుచు పాట కట్టెను. శత్రువీరుని పొగడుట మన కావ్యములలో ఉత్తమనాయకుని లక్షణము. ఇక్కడ నది వీథిపాట గాయకునకే అబ్బినది. ఓవల్ కెదురుగనే ఇన్‌వేడర్స్ బృందపు పాన్ యార్డ్ చిరకాలము నిలిచియుండెను.

మద్రాసు వీథి

పడమటి కొసన సెయింట్ జేమ్స్. ఇక్కడికి వచ్చినప్పుడు వీథిఫలకములను చదువుచు నడచితిని: కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, లక్నో, కాశీ, నేపాల్, మద్రాసు. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అను నోడ కలకత్తానుండి 225 మందిని తెచ్చినది మొదలు 1917 వరకు ఇంచుమించు లక్షా నలువదిమూడు వేలమంది భారతీయులు ఒడంబడిక కూలీలై ఈ ద్వీపమునకు వచ్చిరి. దాస్యమునుండి విడివడిన నల్లవారు చెఱకుతోటలలో నాటి కూలికి పనిచేయ నొల్లకపోవుటచే తోటదారులు వెదకికొన్న ఉపాయ మిది. అధికసంఖ్యాకులు భోజ్‌పురి సీమవారు. మద్రాసు రేవున నెక్కినవారు కొలదిమంది. వారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. వారి నందఱను కలిపి 'మద్రాసీ' లనిరి. నిప్పులపై నడచు మ్రొక్కును, అమ్మవారి కొలువును ఈ ద్వీపమునకు తెచ్చినది వారే.

గడువు తీరిన కూలీలలో కొందఱు నాటి నగరపుటెల్లలకు వెలుపల, పెరూ అను తోటనేలలో ఇండ్లు కట్టుకొనిరి. ఊరివారు దానిని 'కూలీ టౌన్' అనిరి. మన భాషలో కూలి యనగా కష్టమునకు వచ్చు న్యాయమైన ప్రతిఫలము. ఆ మాట సముద్రము దాటి తిట్టుగా మారినది. 1938లో గాని ఈ పేట నగరమున చేరలేదు. నేపాల్ వీథి 26వ నంబరు ఇల్లు నైపాల్ కుటుంబమునది. పత్రికారచయితయైన తండ్రి సీపర్సాద్, పరుల పంచలలో ఏండ్లు గడపి, 1946లో అప్పుచేసి ఆ చిన్న రెండంతస్తుల యింటిని కొనెను, ఏడేండ్లకే కన్నుమూసెను. కుమారుడు వి.ఎస్. నైపాల్ 1961లో ప్రకటించిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' నవలకు ప్రాణము ఆ యిల్లే. తలపై సొంతకప్పు కొఱకు మనిషి పడు ఆరాటమును అంతగా చెప్పిన పుస్తకములు ఏ భాషలోను తక్కువ.

ఈ పేటకు పెద్దపండుగ మొహరము. ఇచ్చట 'హొసే' అందురు. వెదురుతో, కాగితముతో, తళుకురేకులతో తాజియాలను వారములకొలది నియమముతో కట్టి రాత్రివేళ ఊరేగింతురు. హిందువులును, క్రైస్తవులును, నల్లవారును వెంట నడతురు. పీర్లపండుగనాడు ఊరంతయు కదలు మన పల్లెలనుండి వచ్చినవాని కది వింత గాదు. తాషా వాయించువారు వీథి ప్రక్కన మంటలు వేసి తోలు బిగియ కాచుకొనుట చూచి, అలావగుండము తలపునకు వచ్చి నిలిచిపోయితిని. తాజియాలతోపాటు అర్ధచంద్రాకృతిగల రెండు పెద్ద చంద్రులుండును: ఆకుపచ్చనిది హసను పేర, ఎఱ్ఱనిది హుసేను పేర. బలవంతుడైన వాడొకడు ఆ బరువును భుజముపై నిలిపి గిరగిర తిరుగును. ఇద్దఱు చంద్రులు ఎదురెదురుగా వచ్చి, అంచులు తాకినపుడు, సోదరులు కలిసికొనిరని జనమంతయు ఒక్కసారి కేక వేయును.

చివరి సాయంకాలము ఆ పేటలోనే నొక రొట్టెల అంగడిలో పప్పు కూరిన రోటీ తినుచుండగా, అంగడి యజమానురాలు, డెబ్బది దాటిన ఆమె, అడిగినది:

"ఏ దేశం నాయనా?"

చెప్పితిని.

"మద్రాసుకు దగ్గరా?"

ఒకప్పుడు మా జిల్లాలు ఆ రాజధానిలోనివే అంటిని. ఆమె లోనికి పోయి, ప్లాస్టిక్కు సంచిలో భద్రపరచిన కాగితము నొకటి తెచ్చినది. వారి ముత్తవ్వ ఓడయెక్కునప్పటి పాస్ నకలు. పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, జిల్లా. జిల్లా మన కోస్తా జిల్లాలలో నొకటి. పేరును దొరల గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనియుండెను.

"మా ఇంట్లో ఎవరికీ దీన్ని పలకడం రాదు. మీరు పలుకుతారా?"

అక్షరములను కూడబలుకుకొని చూచితిని. ఆ వంకర వ్రాతలోనుండి మన పల్లెలలో వీథి కిద్దఱికైనను ఉండు పేరు మెల్లగా పైకి వచ్చెను. దాని నిక్కడ వ్రాయను; అది ఆ కుటుంబము సొత్తు. బిగ్గరగా పలికితిని. ఆమె పెదవులు కదిపినది. నడుమనున్న ఒత్తు మొదట జారిపోయినది, రెండవమారును జారినది. మూడవసారి సరిగా వచ్చినది. ఆమె లోపల రొట్టె కాల్చుచున్న మనుమరాలిని పిలిచి, ఆ పేరుతోనే పిలిచి, నవ్వినది.